ఎలుక గొంతు

హిందూపురం
జూన్ మొదటి వారం

ఏమప్పా వేణూ,

వారం రోజులుగా ఫోన్ చేస్తున్నాను. మోగి మోగి ఆగిపోతాది, నువ్వు మాత్రం ఎత్తవు. ధర్మవరంలో పట్టుచీరలకు డిజైన్లు గీసుకునేవాడికి ఇంత గీర ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలియదు. నా దగ్గర ఉండేది బటన్ల ఫోను, వాట్సాపులు గీట్సాపులు లేవు. ఎట్లాగూ ఈ క్యాసెట్టు నీకు పంపాలి కాబట్టి అదే పార్సిల్‌లో ఈ ఉత్తరమూ పెట్టి ఆర్టీసీ కార్గోలో వేస్తున్నాను. పెద్ద మనసు చేసుకుని చదువు.

విషయం ఏమంటే, చిన్నప్పుడు మనం ముగ్గురం కలిసి చేసిన పాడుపని మళ్లీ పైకి తేలింది. మన బ్యాండు, కంకర. అగళి నుంచి పోయి బెంగళూరులో స్థిరపడిన సుమయ్య అనే అమ్మాయి నా మైకుసెట్టు షాపు వెతుక్కుంటూ వచ్చింది. పాత పాటలను ఎల్పీ రికార్డులుగా వేసి అమ్మే చిన్న కంపెనీ నడుపుతుందంట. వచ్చీ రాగానే "అంకుల్, మీరు లెజెండ్స్" అనింది. నేను అప్పుడు ఎవరిదో పెళ్లిలో కాలిపోయిన యాంప్లిఫయర్ లోపల చెయ్యి పెట్టి ఉన్నాను. షాకు కొట్టింది కరెంటా, ఆ మాటా అనేది ఇప్పటికీ తేలలేదు.

మనం చేసిన మూడు క్యాసెట్లూ ఆల్టర్నేటివ్ రాక్ అంట. మన కాలంలో దాన్ని గోల అనేవాళ్లు. మీ నాయన ఇంకో మాట అనేవాడు, అది రాస్తే కార్గోవాళ్లు పార్సిల్ వెనక్కి పంపిస్తారు. మూడు ఆల్బమ్‌లూ మళ్లీ విని, నిలబడే పాటలు ఏరిస్తే ఒకే రికార్డుగా వేస్తుందంట. ఏరాల్సింది నువ్వూ నేనూ. డ్రమ్ముల కరీముల్లాను అడిగితే "మీరేం చెప్పినా సరేనప్పా" అన్నాడు. పెనుకొండలో ఎరువుల అంగడి పెట్టినాక వాడి అభిప్రాయాలన్నీ యూరియా మీదికి పోయినాయి.

మొదటి ఆల్బమ్ 'ఎండుగడ్డి' ఇందులో ఉంది. నేను మళ్లీ విన్నాను. పెనుకొండలో ఆ శనక్కాయల గోడౌన్ మధ్యలో ఒకే మైకు పెట్టి, ముగ్గురం దాని మీద పడి అరిచినాం. ఏ గొంతు ఎవడిదో మన తల్లులు కూడా చెప్పలేరు, అందుకే కొంచెం బాగుంది. నా ఓటు 'బత్తలపల్లి క్రాసు'కు. బస్సు రాక నిలబడినోడి విసుగు తప్ప అందులో ఏమీ లేదు. నువ్వు రాసినవాటిలో సొంత డబ్బా లేని పాట అదొక్కటే. 'టవున్ బస్సు రాణి' మాత్రం వద్దు. అది వింటుంటే నాకు వయసు మీద పడినందుకు సంతోషం వేసింది.

మూడోది 'ఉప్పునీళ్ల బోరు' గురించి మాట్లాడే పనే లేదు. నువ్వు వదిలేసి పోయినాక గొంతు లేకుండా ఉత్త వాయిద్యాలతో చేసింది. దాంట్లో నాలుగు పాటలు కళ్లు మూసుకుని తీసుకోవచ్చు.

ఇక రెండోది, 'పన్నెండు గంటల ఎండ'. నువ్వొక్కడివే పాడింది. దాంట్లో నుంచి నేను ఒక్క పాట కూడా ఏరను, ముందే చెప్తున్నాను. ఆ సుమయ్య మాత్రం ఆ గొంతు కోసమే వచ్చిందంట. బెంగళూరులో బ్యాండ్లు పెట్టుకునే పిల్లలు దానికి మొక్కుతారంట. ఆ క్యాసెట్టు విడుదలైన నెలలోనే హిందూపురం బజారంతా నిన్ను 'ఎలుక వేణు' అనిందని, నువ్వు ఆ మాటకే పాట మానేసినావని వాళ్లకేం తెలుసు. 

నీ ఓట్లు రాసి పంపు. ఉలుకూ పలుకూ లేకుంటే నేనే ఏరేస్తాను.

నిజాముద్దీన్


ధర్మవరం
జూన్ ఆఖరు

నిజామూ,

ఫోన్ ఎత్తడం, ఎత్తకపోవడం నా ఇష్టం. ఇరవై ఏళ్లకు పైగా నేను ఉన్నానో పోయినానో విచారించని మనిషికి వారం రోజులు మోగిన ఫోన్ అంత పెద్ద కష్టమైపోయిందా? మనకు మాట్లాడుకునేంత ప్రేమ ఏమీ మిగల్లేదు. ఉత్తరమే మేలు. చదివి చించేయడానికి వీలుగా ఉంటాది.

'ఎండుగడ్డి' విన్నాను. మా ఇంట్లో టేప్‌రికార్డరు ఇంకా తిరుగుతోంది, అదొక ఆశ్చర్యం. నీ గిటారుకు అప్పట్లో ఒక తీగ లేదు, గుర్తుందా? తీగ కొనడానికి బెంగళూరు పోవాలని బద్ధకించి, అది లేకుండానే ఆల్బమ్ మొత్తం వాయించినావు. సుమయ్య దాన్ని 'ప్రయోగం' అని రాస్తుంది చూడు. 'బత్తలపల్లి క్రాసు' సరే. 'టవున్ బస్సు రాణి' మీద మనకు గొడవ లేదు, దాన్ని తవ్వి పాతిపెట్టు. మడకశిర సావాసగాళ్ల కోసం సగం కన్నడంలో రాసిన 'దుడ్లు లేవు' ఉంచు. అందులో నీ సోలో వచ్చే చోట టీ తాగి రావచ్చు, కానీ పాట మంచిది.

గొంతు లేని ఆల్బమ్‌లో నాలుగు పాటలా? భోజనాలు అయిపోయినాక వంటపాత్రలు కడిగే చప్పుడులా ఉండాది ఆ ఆల్బమ్ అంతా. ఒక్కటి తీసుకో, 'మోటారు ఆగింది'. దాని మధ్యలో నువ్వు కొంతసేపు ఏమీ వాయించవు. అది నీ జీవితంలో ఉత్తమమైన వాయిద్యం.

రెండో ఆల్బమ్ నేను ఇన్నేళ్లలో మళ్లీ వినలేదు. ఇంట్లో ఆ క్యాసెట్టు పెట్టుకోలేదు. మా ఇంటామె సంగీతను నేను పెళ్లి చేసుకునింది పాట మానేసినాకే. ఆమె పేరులో సంగీతం ఉంది కానీ మొగుడు పాడగా ఎప్పుడూ వినలేదు. బయట ఎవరో ఆ క్యాసెట్టు పెడితే ఒకసారి వినిందంట. "అది నువ్వంటే నేను నమ్మను పో" అనింది. అంత ఘనంగా ఉంటాది నా గొంతు.

అయినా 'కరెంటు రాలే' రికార్డులో ఉండాలి. బాగా విను. మిగతా ఆల్బమ్ అంతా నీ ఇష్టం, చెత్తలో పారేయ్. ఆ పాట రాసి, గోడౌన్‌లో నిలబడి పాడిన సాయంత్రం నాకు ఈ పని వచ్చు అనుకున్నాను. జీవితంలో ఆ ఒక్కసారే అట్లా అనుకున్నాను. ఆ అనుకోవడం ఉత్త పిచ్చి కాదని ఎక్కడో ఒకచోట ఉండాలి. అది లేకపోతే నా సంతకం ఉండదు. నీ ఎల్పీ మీద వడియాలు ఎండబెట్టుకో.

వేణు


హిందూపురం
జూలై

వేణూ,

నీ బెదిరింపు చదివి షాపులో పనివాళ్లకు కూడా వినిపించినాను. బాగా నవ్వుకున్నారు.

'కరెంటు రాలే' విన్నాను. నీ మాట మీద గౌరవంతో కాదు, సుమయ్య పోరు పడలేక. మొదట్లో కరీముల్లా డ్రమ్ములు బాగానే ఉరుకుతాయి. రాయలసీమలో అంత వేగం చేతులు లేవని అప్పట్లో వాడిని పొగిడింది ఊరికే కాదు. నా గిటారు కూడా దాని వెంటపడి పోతాది. ఆ తర్వాత నువ్వు నోరు తెరుస్తావు. తలుపు సందులో తోక పడితే వచ్చే శబ్దం అది. రాసిన మాటలు మంచివే. కరెంటు లేక మగ్గం గుంటలో చెమటతో కూర్చున్న ఇంటి గురించి అంత సూటిగా ఎవరూ రాయలేదు. ఆ మాటలను ఆ గొంతుతో పాడినందుకు నీ మీద కేసు పెట్టాలి.

పోయిన ఆదివారం సుమయ్య నన్ను బెంగళూరు తీసుకుపోయింది. ఒక బీరుషాపులో పిల్లలు వాయిస్తున్నారు. గడ్డాలు, చిరిగిన ప్యాంట్లు, తిన్నగా నిలబడి పాడొచ్చు కదా, లేదు. ఒకడు మెడ నరాలు బయటికి వచ్చేటట్టు గొంతు పిసుక్కుని కీచుమంటున్నాడు. ఎవరన్నా నీళ్లు ఇవ్వండప్పా అన్నాను. సుమయ్య నా చెవిలో "అంకుల్, అది వేణు సార్ స్టైల్" అనింది. అట్లాంటివాళ్లు ఊరినిండా ఉన్నారంట. ఒకడు డాక్టరు దగ్గరికి కూడా పోయినాడంట, గొంతు నొప్పని. నీ వల్ల ఒక తరం పాడైపోయింది, నువ్వు అక్కడ చీరల మీది నెమళ్లకు రంగులు వేసుకుంటూ కూర్చున్నావు.

సరే, ఒక అవకాశం ఇస్తున్నాను. ఫోన్ ఎత్తు. ఎత్తి ఆ పాటలో రెండు లైన్లు పాడు. వయసుతో గొంతు ముదిరి ఉంటే, కొత్తగా పాడించి వేయొచ్చేమో సుమయ్యను అడుగుతాను. ఎలుక ముసలిదయినాక ఎట్లా ఉంటాదో నాకూ వినాలనే ఉంది. ఆ మాత్రం ధైర్యం కూడా లేకపోతే ఇంక ఆ పాట ఊసు ఎత్తొద్దు.

ఆల్బమ్‌ల అసలు టేపులు కరీముల్లా అటకమీద ఉన్నాయంట. అవి కావాలని సుమయ్య అడిగింది. వచ్చే నెల పెనుకొండ పోతాను.

నిజాముద్దీన్


ధర్మవరం
జూలై ఆఖరు

నిజామూ,

పాడలేను. పోయిన సంవత్సరం గొంతులో గడ్డ లేచింది. ఆసుపత్రిలో కోసి, గొంతుపెట్టె మొత్తం తీసేసినారు. మెడ కింద రంధ్రం ఉంది, ఊపిరి దాంట్లోంచే. నోట్లో నుంచి గాలి కూడా రాదు, ఇంక మాట ఎక్కడ. ఫోన్ ఎందుకు ఎత్తలేదని అడిగినావు కదా, ఇదిగో. ఎత్తితే నీకు బుసబుసమని వినపడతాది.

ఇప్పుడు ఈ ఉత్తరం కూడా నీ పనివాళ్లకు చదివి వినిపించు.

మరీ దరిద్రం ఏమంటే ఇంట్లో మనిషిని పిలవడానికి కూడా గొంతు కావాలి. సంగీత వంటింట్లో ఉంటే నేను స్టీలు గ్లాసు మీద చెంచాతో కొడతాను. "నేనేమన్నా ఐసుబండి వెనక ఉరికే పిల్లనా?" అని తిడుతూ వస్తాది. ఒక్కోసారి రాదు. తిట్టేదానికి ఆమెకు గొంతుంది, తిరిగి తిట్టేదానికి నాకు పలకా బలపం. ఇరవై ఏళ్ల సంసారంలో ఇన్ని గొడవలు ఓడిపోయింది ఈ సంవత్సరమే.

ఆపరేషన్‌కు ముందు ఎవరైనా చెప్పి ఉంటే రెండు మాటలు రికార్డు చేసుకునేవాడిని. ఆమె పేరైనా. పరుగుల్లో తోచలేదు. ఇప్పుడు నా గొంతు ఈ లోకంలో ఉంది అంటే అది ఆ దిక్కుమాలిన క్యాసెట్టులోనే. అందుకే అడిగినాను.

ఈ సంగతి సుమయ్యకు చెప్పొద్దు. నోరు పడిపోయిన గాయకుడంటే ఇంకో రెండు వందల రికార్డులు అమ్ముడుపోతాయని సంబరపడతాది.

వేణు


హిందూపురం
ఆగస్టు

ప్రియమైన వేణుకు,

నీ ఉత్తరం అందింది. ఏం రాయాలో తెలియలేదు. చాలా బాధ వేసింది. నువ్వు మనసులో ఏమీ పెట్టుకోవద్దు.

'కరెంటు రాలే' తప్పకుండా పెడదాం. మొదటి పాటగానే పెడదాం. మళ్లీ విన్నాను, నిజానికి అంత చెడ్డగా ఏమీ లేదు. గొంతులో ఒక ప్రత్యేకత ఉంది. నువ్వు కావాలంటే ఆ ఆల్బమ్‌లో నుంచి ఇంకో రెండు కూడా వేయొచ్చు. నా మూడో ఆల్బమ్ పాటలు తగ్గించుకుంటాను, నాకేమీ ఇబ్బంది లేదు.

ఆరోగ్యం జాగ్రత్త. చల్లటివి తినొద్దు. సంగీతమ్మకు నా నమస్కారాలు.

నీ మిత్రుడు
నిజాముద్దీన్


ధర్మవరం
ఆగస్టు

నిజామూ,

ఎవరు రాసినారు ఈ ఉత్తరం? 'ప్రియమైన వేణుకు' అంట. 'గొంతులో ఒక ప్రత్యేకత' అంట. నాకు తీసేసింది గొంతుపెట్టె, బుర్ర కాదు. పోయిన నెల తలుపు సందులో తోక పడినట్టుందన్నవాడికి ఈ నెల ప్రత్యేకత వినపడిందంటే, మధ్యలో మారింది పాట కాదు కదా.

ఈ సంవత్సరమంతా జాలి తినీ తినీ నాకు అరగడం లేదు. చూడవచ్చిన ప్రతివాడూ మెల్లగా, గట్టిగా, ఒక్కో అక్షరం విడదీసి మాట్లాడతాడు, నాకేదో చెవుడు అయినట్టు. నీ ఉత్తరాలు వచ్చినప్పుడు మాత్రం హాయిగా ఉండేది. ఒక మనిషి నన్ను ఇంకా తిట్టదగినవాడిగా చూస్తున్నాడని. అది కూడా పోయింది.

జాలితో పెడితే నా సంతకం లేదు. పాట లేకపోయినా సంతకం లేదని మొదట చెప్పినాను, ఇప్పుడు ఇది ఇంకోటి. ఆ పాటను శ్రద్ధగా విను. నిజంగా నిలబడుతుందంటే పెట్టు. లేదంటే బాగలేదని రాసి తీసేయ్, నేను నోరు మూసుకుంటాను. అదెట్లాగూ మూసుకునే ఉంది.

ఇంకోసారి 'చల్లటివి తినొద్దు' అని రాస్తే పార్సిల్ తీసుకోను.

వేణు


పెనుకొండ
ఆగస్టు ఆఖరు

ఒరే వేణూ,

కరీముల్లా అంగడిలో యూరియా మూటల మధ్య కూర్చుని రాస్తున్నాను. కాగితం మూట మీద పెట్టుకున్నాను, అక్షరాలు నీ డిజైన్లంత అందంగా ఉండవు.

కరీముల్లా అటకమీద బిస్కెట్ల డబ్బాలో అసలు టేపు దొరికింది. 'పన్నెండు గంటల ఎండ', గోడౌన్‌లో నేరుగా పాడి రికార్డు చేసింది. డబ్బింగ్ షాపు నాగభూషణం కాపీలు తీసుకుని తిరిగి ఇచ్చినాక దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. నా డెక్కు వెంట తెచ్చినాను, దాంట్లో పెట్టినాను. 'కరెంటు రాలే' నిదానంగా మొదలైంది. నా డెక్కే చెడిపోయిందని మూత విప్పి మోటారు చూసినాను. బాగానే ఉంది. బజారులో అమ్మిన క్యాసెట్టు అదే డెక్కులో పెట్టినాను. ఎలుక. మళ్లీ అసలు టేపు పెట్టినాను. నువ్వు.

డెక్కుతో పాటు తెచ్చిన గిటారు తీసి తీగలు శ్రుతి కలిపి చూసినాను. అసలు టేపుకు సరిగ్గా కుదిరింది. అమ్మిన క్యాసెట్టు దానికంటే పైన ఎక్కడో ఉంది, వేగమూ ఎక్కువే. వెంటనే కరీముల్లా ఫోన్‌లోంచి నాగభూషణాన్ని పట్టుకున్నాను. ఇప్పుడు హిందూపురంలో ఫోన్ కవర్లు అమ్ముతాడు. ఏం చేసినావురా మా ఆల్బమ్‌ను అంటే రవ్వంత కూడా తడబడలేదు.

"అవునప్పా, నేనే తిప్పినా. నా తాన ఉన్నెవి పొట్టి టేపులు, భజన పాటలకని తెచ్చినెవి మిగిలిపోయింటే వాడుదామనుకున్యా. మీది జూస్తే పొడుగు. ఆఖరు పాట సగంలో తెగిపోతాండె. తెగితే మీరు కొట్లాటకు వస్తారని మీ టేపు తిరిగే డెక్కు మోటారు స్క్రూ కొంచెం బిగించినా. ఉరికిచ్చినాక పాటలన్నీ పట్టె గదా? ఇన్నేండ్లకు యాడ గుర్తొచ్చె నీకు?"

చెప్పాలి కదరా అంటే "మీరెవురన్నా అడిగినారా?" అన్నాడు.

మనకెందుకు తెలియలేదంటావా? ఆ రోజుల్లో ఏ టేప్‌రికార్డరు సరిగ్గా తిరిగింది గనక. బ్యాటరీ తగ్గితే ఏడుపు, కొత్తది వేస్తే పరుగు. కరీముల్లాకు వాడి చేతులు వేగంగా వినపడినాయి, ఉబ్బిపోయినాడు. నాకు నా సోలో వేగంగా వినపడింది, నేనూ ఉబ్బిపోయినాను. మిగిలింది నీ గొంతు. అది సన్నగా వస్తే నీ గొంతే సన్నం అనుకున్నాం. అందరం అనుకుంటే అనుకున్నాం, నువ్వెందుకు అనుకున్నావు? పుట్టినప్పటి నుంచి నీ మెడలో ఉన్న గొంతు నీకు తెలియదా? నాగభూషణం స్క్రూను నమ్మి నీ గొంతును వదిలేసినావు కదరా వెధవా. నాకు కడుపు మండిపోతోంది. ఎవరిని కొట్టాలో తెలియక ఒక యూరియా మూటను తన్నినాను, కాలు నొప్పి.

పాట ఎట్లా ఉందో చెప్తాను, విను. రెండో చరణంలో ఊపిరి చాలక ఒక మాట మింగేసినావు. 'ట్రాన్స్‌ఫార్మర్' అనే మాటను పాటలో ఇరికించేవాడు నీలాంటి మొండివాడే. చివర్లో మూడుసార్లు పాడాల్సింది ఐదుసార్లు పాడినావు, నువ్వు ఎప్పుడూ ఆపే చోటు తెలియనివాడివే. అవన్నీ ఉన్నాయి. కానీ 'అమ్మా, కరెంటు రాలే' అని గొంతు కిందికి దించుతావు చూడు, అక్కడ నేను లేచి అంగడి బయటికి పోయి నిలబడినాను. కరీముల్లా కూడా వచ్చి నిలబడినాడు. ఇద్దరం లారీలు చూస్తున్నట్టు నటించినాం. మన మూడు ఆల్బమ్‌లలో, నా ముద్దుల మూడోదాన్ని కూడా కలిపి, అదొక్కటే పాట. ఇందులో జాలి ఎక్కడన్నా ఉంటే చూపించు.

ఇప్పుడు గొడవ. సుమయ్యకు ఫోన్ చేసి చెప్పినాను. "బేడ అంకుల్, వద్దు. అందరికీ తెలిసింది ఆ వాయిస్సే. స్లో చేస్తే వేరే బ్యాండు అయిపోతాది. అందరూ ఇన్‌ఫ్లుయెన్స్ అయింది దానికే కదా" అనింది. నాగభూషణం స్క్రూకు ఇన్‌ఫ్లుయెన్స్ అయినారమ్మా అన్నాను. నవ్వింది, కానీ ఒప్పుకోలేదు. కరీముల్లా ఇంకో పక్క కాళ్లు పట్టుకుంటున్నాడు. "నా స్పీడు చేతులని పేరుండాది గదప్పా, ఇప్పుడు నిదానం జేసి నా పరువు తీయొద్దు. మా అల్లుడు గూడా ఇంటాడు" అంటాడు. ఎరువులమ్మేవాడికి చేతుల వేగం ఎందుకో నాకు అర్థం కాదు.

నా మాట మాత్రం ఒకటే. నీ అసలు గొంతు వేస్తేనే రికార్డు. లేకపోతే ఎల్పీ వద్దు, గిల్పీ వద్దు. అసలు టేపుకు సరైన వేగంతో ఒక కాపీ తీసి ఇందులో పెట్టినాను. విని, నీ తీర్పు రాయి. నువ్వు ఊ అని రాస్తే సుమయ్యతో తెగతెంపులు చేసుకుంటాను.

నిజామ్


ధర్మవరం
సెప్టెంబరు

నిజామూ,

క్యాసెట్టు అందింది. కొన్నాళ్లు దాన్ని తెరవలేదు. డాక్టరు రిపోర్టులు తెరవడానికి కూడా నేను ఇంత భయపడలేదు. అది కూడా ఎలుకే అయితే? నీ చెవులకు ముసలితనం వచ్చి, నువ్వు జాలినే కొత్త మాటల్లో చుట్టి పంపి ఉంటే?

మొన్న మధ్యాహ్నం పెట్టినాను. ఇంట్లో ఇద్దరమే ఉన్నాం. సంగీత వెనక వసారాలో మినపపిండి రుబ్బుతోంది, గ్రైండరు శబ్దంలో ఉంది. నేను ముందు గదిలో. నీ గిటారు, కరీముల్లా డ్రమ్ములు మోగి పోయినాయి. ఆమె పట్టించుకోలేదు. నేను పాడడం మొదలైంది. మొదటి లైను కూడా పూర్తి కాలేదు, గ్రైండరు ఆగిపోయింది. చేతుల నిండా పిండితో గబగబా గడప దాకా వచ్చి, "ఏం, పిలిచినావా?" అనింది.

అడిగినాక ఆమెకే తెలిసింది ఏం అడిగిందో. టేప్‌రికార్డరు వైపు చూసింది, నా వైపు చూసింది. పిండి చేతులతోనే కింద కూర్చుంది. పాట అయ్యేదాకా లేవలేదు. చివర్లో నేను ఐదుసార్లు పాడతానని తిట్టినావు కదా, ఆమెకు ఐదూ చాలలేదు. ఎలుక క్యాసెట్టు విన్నప్పుడు అది నేనంటే నమ్మనని అనింది ఎందుకో నాకు ఇన్నేళ్లకు అర్థమైంది. ఈ ఇంట్లో ఇరవై ఏళ్లు కూరలో ఉప్పు తక్కువైందని, కండువా ఎక్కడుందని అడిగింది ఈ గొంతే కదా. నాకంటే ఆమెకే బాగా తెలుసు.

నాకు నాగభూషణం మీద కోపం వచ్చింది, నా మీద ఇంకా ఎక్కువ వచ్చింది. నాకు ఈ పని వచ్చు నిజామూ. వచ్చు అని తెలిసింది, చేసేదానికి లేనప్పుడు. ఏడ్చినాను. ఏడ్చినా శబ్దం రాదు, సంగీతే చూసి పిండి చేత్తో మొహం తుడిచింది. మొహమంతా పిండి.

ఇప్పుడు తీర్పు. నువ్వు ఎగరొద్దు, పూర్తిగా చదువు. సుమయ్యను ఎలుకనే వేసుకోమను. వాళ్లకు కావాల్సింది అది, అదే ఇయ్యి. ఆ గడ్డాల పిల్లలు గొంతులు పిసుక్కుంటూ బతకనీ, వాళ్లకు నిజం చెప్పి బాగుచేసే పూచీ నాకు లేదు. కరీముల్లా చేతుల వేగమూ, వాడి అల్లుడి ముందు పరువూ అట్లే ఉండనీ. నీ సోలో కూడా ఉరుకుతాది, లోపల నీకు సంతోషమేనని నాకు తెలుసు. 'బత్తలపల్లి క్రాసు', 'దుడ్లు లేవు', 'మోటారు ఆగింది', నీ ముద్దుల మూడోదాంట్లో ఇంకేవన్నా రెండు, ముందర 'కరెంటు రాలే'. సంతకం చేసి పంపుతున్నాను.

సరైన వేగంలో ఉన్నదాన్ని మాత్రం ఎవరికీ ఇవ్వొద్దు. అసలు టేపు కూడా పంపించేయ్, ఇంట్లో పెట్టుకుంటాను. బజారు విన్నది ఎలుకను, నవ్వింది ఎలుకను చూసి. వాళ్లకు ఈ గొంతుతో పరిచయమే లేదు, ఇప్పుడు కొత్తగా చేయించాల్సిన అవసరమూ లేదు. పాట నిలబడుతుందని నువ్వు ఒప్పుకున్నావు. నీ నోట ఆ మాట రావడానికి ఇంత కాలం పట్టింది, దరిద్రుడా, అది నాకు చాలు.

నిన్న మధ్యాహ్నం మళ్లీ పెట్టినాను. సంగీత మిద్దె మీద బట్టలు ఆరేస్తోంది. అది టేపని ఆమెకు తెలుసు. తెలిసి కూడా దిగి వచ్చింది.

వేణు